ఏడో నంబరు కాలు

గిరాకీ కాలికి బూటు తొడిగి లేవబోయిన చెప్పుల షాపు సేల్స్‌మన్ బల్ల అంచు పట్టుకుని ఆగిపోయాడు. ఈమధ్య వంగితే ఆయాసం, లేస్తే గుండెదడ. గిరాకీ వెళ్ళగానే తన కాళ్ళు చూసుకున్నాడు. కొత్త బూట్లు నిన్నటికన్నా బిగిశాయి.

"కంపెనీవాళ్ళు ఆరుకి ఏడు ముద్ర కొట్టి మనకి అంటగట్టారు," అన్నాడు యజమానితో.

"ఊరందరికీ ఏడైన బూటు నీ ఒక్కడికే ఆరయిందా?" అని నవ్వాడు యజమాని.

అతను నవ్వలేదు. బతుకంతా పరాయి పాదాలు చేతుల్లోకి తీసుకున్న మనిషి. తన కాలు పెళ్ళినాడూ ఏడే, నేడూ ఏడే. కాలు మాట మారుస్తుందని అతనికి తట్టలేదు. అనుమానమంతా బూటు మీదే.

భార్య అనుమానం వేరు. గుండె కండరం సాగి పలచబడిందనీ, రక్తాన్ని తోసే బలం తగ్గిందనీ, అందుకే ఒంటికి నీరు పడుతోందనీ నిన్న డాక్టరు చెప్పాడు. వైరస్ జ్వరంవల్ల రావచ్చు, వంశంలో ఉండొచ్చు, తాగుడువల్ల కావచ్చు అన్నాడు. అతను డాక్టరు బూట్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె చెవికి చివరి మాటొక్కటే ఎక్కింది. పడుకుంటే ఊపిరాడక అతను దిండ్లకి చేరగిలి కూర్చునే నిద్రపోతుంటే, మత్తు కాక మరేమిటనుకుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బాతో వచ్చింది.

"ఏమండీ, ఏమిటీ వాసన? ఎక్కడ దాచుకుని తాగుతున్నారు?"

"అది బూటు జిగురు వాసనే!"

"మీ తమ్ముడూ ఇలాగే వగర్చేవాడు. చుక్క ముట్టలేదనే చెప్పేవాడు, పోయేదాకా. ఎవరు నమ్మారు?"

"వాడు నిజంగానే ముట్టలేదే..."

ఆ మాట అంటూనే ఆగి, తన కాలి వంక చూసుకున్నాడు. మొదటిసారి బూటుని కాదు, కాలిని అనుమానించాడు. ముఖం పాలిపోయింది.

"అయితే ఊదండి, చూస్తాను."

"పోలీసువా నువ్వు?" అన్నాడు నవ్వు తెచ్చుకుని.

ఆమె నమ్మితే చాలనిపించింది. గోడకి ఆనుకుని నోరు తెరిచాడు. ఆమె ముఖం దగ్గరగా పెట్టింది. ఊపిరి వస్తుందని చూసింది. చూస్తూనే ఉంది.

యజమాని ఆటో పిలిచాడు. ఇద్దరు మనుషులు అతన్ని ఎత్తుకున్నారు. అప్పటికే చెయ్యి చల్లబడింది.

"వాసన లేదండీ, ఏ వాసనా లేదు," అంటూ ఆమె వెంట పరుగెత్తింది.

షాపులో స్టూలు మీద, డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించి వండిన డబ్బా, మూత తియ్యకుండా, ఇంకా వెచ్చగానే ఉంది.