నీడ ఎన్నింటిదాకా?

లాండ్రీ పిన్ని నగరసభ మెట్లెక్కడం అదే మొదటిసారి. సభ్యుల బట్టలు మాత్రం ఇరవై ఏళ్లుగా ఆమె చేతుల మీదుగానే ఆ మెట్లెక్కుతున్నాయి. అందుకని తొమ్మిదిమంది సభ్యులూ వరసగా కూర్చుంటే ఆమెకు ముందు కనిపించినవి మొహాలు కావు, కాలర్లు. మూడో కుర్చీలో గంజి చొక్కా వేసుకుని, పొరపాటున కూడా ఆమె వైపు చూడకుండా కూర్చున్నవాడు ఆమె సొంత అల్లుడు.

అల్లుడు చెడ్డవాడేం కాదు. గొడవంటే గిట్టదు, అంతే. ముందురోజు పనిగట్టుకుని ఇంటికొచ్చి, "అత్తయ్యగారూ, మీరు సభలో మాట్లాడకండి. నేను చూసుకుంటాగా" అన్నాడు. ఏం చూసుకుంటావని కూతురు నిలదీస్తే నీళ్లు నమిలాడు. అందరూ సరేనన్నాక తనొక్కడూ కాదంటే, అత్తగారి కోసమే అన్నాడని ఊరంతా నవ్వుతుందని అతని భయం. "మీ ఇష్టం అల్లుడుగారూ" అంది పిన్ని. తెల్లారగానే మంచి చీర కట్టుకుని వచ్చేసింది.

రాక ఏం చేస్తుంది? పాత గోడౌన్లు కూలగొట్టిన చోట ఇరవై రెండంతస్తుల కంపెనీ ఆఫీసు కడతామని దరఖాస్తు పెట్టారు. ఆ స్థలాన్ని ఆనుకునే ఆమె పెరడు. పెరట్లో ముప్పై తీగలు, వాటి మీద రోజూ రెండు వందల ఆసుపత్రి దుప్పట్లు. సాయంత్రానికి అవి ఆరకపోతే ఆసుపత్రివాళ్లు ఇంకో లాండ్రీని చూసుకుంటారు. ఎండ పోయిందంటే ఆమె బతుకుతెరువు పోయినట్టే.

దానికి తోడు కంపెనీవాళ్లు ఇంటింటికీ పంచిన కాగితం చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. రంగుల బొమ్మ కింద లావుపాటి అక్షరాలు: 'నగరానికి నీడనిచ్చే భవనం!' చేసే అన్యాయాన్ని ఇంత బాహాటంగా అచ్చేసుకుని పంచిపెట్టే మనుషుల్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పైగా చివర ఆ ఆశ్చర్యార్థకం ఒకటి!

కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి అరగంట మాట్లాడాడు. అద్దాల పెట్టెలో అట్టలతో చేసిన భవనం నమూనా తెచ్చి సభ్యుల ముందు పెట్టాడు. పిన్ని మెడ సాచి చూసింది. తన పెరడు ఉండాల్సిన చోట పచ్చటి గడ్డి, గడ్డిలో ఒక బల్ల, బల్ల మీద వేలెడంత మనిషి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నా పెరట్లో ఈ మహానుభావుడెవడు, అనుకుంది పిన్ని.

జనం మాట్లాడే వంతు వచ్చింది. మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. కూతురు నేర్పి పంపించినవి ఏడు ముక్కలు. మైకు ముందు నిలబడేసరికి ఏడూ ఎగిరిపోయాయి. చేతిలో ఆ కాగితం ఒక్కటే మిగిలింది.

"బాబూ, నీడ ఇస్తామని ఇందులో రాశారు కదా. ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా?"

పెద్దమనిషి మొహం వెలిగిపోయింది. తన కాగితం ఒక్కరైనా చదివారని అతనికి పట్టరాని సంతోషం. "ఎన్నింటిదాకా ఏమిటమ్మా! పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా!"

"ఎండాకాలమేనా, చలికాలం కూడానా?"

"అన్ని కాలాల్లోనూ! తరతరాలపాటు!"

"నా పెరట్లో కూడానా?"

"ముందు మీ పెరట్లోనే అమ్మా!" అన్నాడతను గుండె మీద చెయ్యేసుకుని.

పలికిన మాట పలికినట్టు రాసుకునే గుమాస్తా కలం ఆపి, "అధ్యక్షా, 'ముందు మీ పెరట్లోనే' అని రాసేయమంటారా?" అని అడిగాడు. దాంతో హాలంతా గొల్లున నవ్వింది.

"నేనన్నది ఆ నీడ కాదండీ!" పెద్దమనిషి గాభరాపడ్డాడు. "అండ, ఆదరువు, ఉద్యోగాలు... ఆ నీడ!"

"మరి ఈ నీడ సంగతేంటి బాబూ?" అంది పిన్ని. అందరూ ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. తననే వెక్కిరిస్తున్నారనుకుని చెవులు వేడెక్కాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి అల్లుడు లేచాడు. "ఇంజనీరుగారూ, అసలు నీడ ఆవిడ పెరట్లో ఎంతసేపు పడుతుంది?"

నగరసభ ఇంజనీరు ఫైలు తిప్పి తిప్పి చిట్టచివరి కాగితం దగ్గర ఆగాడు. "చలికాలంలో పది నుంచి మూడున్నర దాకా అండి. మీ అందరికీ పంపిన ఫైల్లో కూడా ఉంది."

తొమ్మిదిమందీ తమ తమ ఫైళ్లలో చివరి కాగితం అప్పుడే మొదటిసారి చూశారు.

"నేనూ చూడలేదు" అన్నాడు అల్లుడు. "ఆవిడ మా అత్తగారు. అడిగితే నవ్వుతారని సిగ్గుపడ్డాను. ఇప్పుడు చదవనందుకు సిగ్గుపడుతున్నాను. ఈ ప్లాను ఇలాగే ఉంటే నేను ఒప్పుకోను."

ఆ మాటకు పిన్ని కడుపు నిండిపోయింది.

భవనాన్ని స్థలంలో అటు చివరికి, రోడ్డు వైపు జరిపితే పెరటికి ఇబ్బంది ఉండదన్నాడు ఇంజనీరు. పెద్దమనిషి చెమట తుడుచుకుంటూ లెక్కలు చూసుకుని, "అలా జరిపితే మధ్యాహ్నమంతా నీడ రోడ్డుకు అవతలున్న మీ సభ మీదే పడుతుందండీ" అన్నాడు, బెదిరిస్తున్నట్టు.

అధ్యక్షురాలు ఫైలుతో విసురుకుంటూ నిప్పులు చెరుగుతున్న కిటికీ వైపు చూసింది. "పడనివ్వండి. ఎన్నేళ్ల నుంచి మాడి చస్తున్నాం ఇక్కడ!"

తొమ్మిది చేతులూ ఒక్కసారే లేచాయి. కొత్త ప్లాను తెచ్చేదాకా అనుమతి లేదని గుమాస్తా రాసుకున్నాడు.

పిన్ని అక్కడ నిలబడలేదు. రెండున్నర అయింది, దుప్పట్లు తీసే వేళ. గబగబా పెరట్లోకి వచ్చి మొదటి దుప్పటి తీగ మీంచి లాగేసరికి, వెనక నుంచి ఎవరో రెండో కొస పట్టుకున్నారు. రొప్పుతూ అల్లుడు.

"మీకెందుకండీ, చొక్కా నలుగుతుంది" అంది.

"మీరే ఇస్త్రీ చేస్తారుగా" అన్నాడు.

దుప్పటి వెచ్చగా, పెళపెళలాడుతూ ఉంది. అల్లుడికి మడత పెట్టడం బొత్తిగా రాదు. వంకర టింకరగా పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"అలాక్కాదు! కొస వదలకుండా గట్టిగా లాగు!" అని కసిరి, పిన్ని నాలుక్కరుచుకుంది.

అల్లుడు గట్టిగా లాగాడు. దుప్పటి తిన్నగా వచ్చింది.

"ఇంకా ఎన్నున్నాయి అత్తయ్యా?"

"నూట తొంభై తొమ్మిది. కానియ్యి."