వడగట్టిన చప్పుడు

పొద్దున్నే గోదాము పైకప్పు కూలింది. అందరూ బయటపడ్డారు గానీ, లోపల పైపులు బిగిస్తున్న ఫిట్టరు ఒక్కడే రాలేదు. ఆ ఫిట్టరు ఒక సౌండ్ ఇంజనీరుకు స్వయానా బావ, అక్క మొగుడు. పెళ్లినాటి నుంచీ బావమరిదిని ‘చెవుల్రాయుడు’ అని ఆటపట్టిస్తుంటాడు. ఇప్పుడు ఆ చెవులే దిక్కయ్యాయి. కచేరీలకు వాడే సరంజామా అంతా వ్యానులో పడేసుకుని ఇంజనీరు పడుతూ లేస్తూ వచ్చాడు.

శిథిలాల సందుల్లోకి మైకులు దింపి, ధ్వనిని అప్పటికప్పుడు విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచాడు. పగిలిన గొట్టంలోంచి లోపలికి నీళ్లు చేరుతున్నాయి కాబట్టి తోడే పంపును ఆపడానికి వీల్లేదు. దాని హోరు తీసేయాలంటే చప్పుడును వడగట్టే చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లు, వరసగా అమర్చాలి. మొదటిది బొంగురు మోతను కోస్తుంది. రెండోది మహా తెలివైనది. ‘నేర్చుకో’ మీట నొక్కి కాసేపు వినిపిస్తే, విన్నదంతా చెత్త కింద జమకట్టి, ఆ తర్వాత దాన్ని తుడిచిపెడుతుంది. గాయకులు రాకముందు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఆ మీట నొక్కడం అతనికి చేతికి పట్టిన అలవాటు. సహాయక బృందం నాయకుడు పనివాళ్లందర్నీ ఆపి చప్పుడు చేయొద్దనగానే, ఆ అలవాటు కొద్దీ నొక్కేశాడు. అప్పుడు హెడ్‌ఫోన్లు మెడలోనే ఉన్నాయి. చేతులు వదులైన తీగను బిగిస్తున్నాయి.

ఆ తర్వాత ఎంత విన్నా ఏమీ లేదు. హోరు మాయమై, తెర మీద గీత చదునుగా సాగిపోయింది. మైకులు జరిపాడు, శబ్దం పెంచాడు, ప్లగిన్ల వరస మార్చాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అక్క పక్కనే ఇటుకల మీద కూర్చుని అతని మొహమే చూస్తోంది. ఆ చూపు అతను భరించలేకపోయాడు. ఏ చప్పుడూ లేదంటే ఇక పడమటి వైపే తవ్వుతామని నాయకుడు చెప్పి వెళ్లాడు.

“మీ బావ చెయ్యి ఊరుకోదు కదరా,” అంది అక్క. “కుర్చీలో కూర్చున్నా బల్ల మీద కొడుతూనే ఉంటారు. మిషను ఆడినట్టు ఒకటే వరస. అలాంటి మనిషి ఏదో ఒకటి కొట్టకుండా ఉంటారా?”

ఒకటే వరస. ఇంజనీరు తెర మీది చదును గీత వంక చూశాడు. ఎడతెరిపి లేకుండా ఒకేలా వచ్చే చప్పుడైతే, ప్లగిన్‌కు పంపైనా ఒకటే, బావైనా ఒకటే.

ప్లగిన్లన్నీ పీకేశాడు. పంపు హోరు చెవుల్లోకి దూసుకొచ్చింది గానీ దాని వెనక ఏమీ లేదు. వడగట్టకముందే నమోదైన పొద్దుటి రికార్డింగు తెరిచాడు. తూర్పు మూల మైకులో, ఇనుప పైపు మీద, టక్ టక్ టక్ అంటూ ఆగకుండా కొడుతున్నాడు బావ. ఆ చప్పుడునే తను తుడిచిపెట్టాడు.

తూర్పు మూల తవ్వమని అరిచాడు. గడ్డపారలు అటు పరిగెత్తాయి. అక్క హెడ్‌ఫోన్లు లాక్కుని చెవులకు పెట్టుకుంది.

“కొడుతున్నార్రా. బతికే ఉన్నారు,” అంది, ఏడుస్తూనే నవ్వుతూ.

అది పొద్దుటి చప్పుడని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఇంకో జత హెడ్‌ఫోన్లు తీసి, ఇప్పటి చప్పుడు వచ్చే తీగకు తగిలించి విన్నాడు. పంపు హోరు, గడ్డపారల మోత, అంతే.

“కొట్టు బావా,” అన్నాడు పైకే.

“కొడుతూనే ఉన్నారుగా,” అంది అక్క.