గీకొద్దన్న పుండు

త్రివేణి మోకాలి కింద లేచిన పొక్కు పగిలి, అంచులు ఊదారంగుకు తిరిగేసరికి అత్త ఈరవ్వ వైద్యం మొదలుపెట్టింది. బాల్కొండ చుట్టుపక్కల తమ పసుపుకు సాటి లేదని ఆమె గొప్ప. మంచి కొమ్ములన్నీ నిజామాబాద్ మార్కెట్‌కు వెళ్లాయి. కోడలి కోసం ఏరి పారేసిన పుచ్చులు నూరింది. పుండును గోనెగుడ్డతో రుద్ది మరీ ఆ పసుపు నింపింది. రూపాయి బిళ్లంత పుండు అరచేతంత అయింది.

నిజామాబాద్‌లో చర్మం డాక్టరమ్మ కాలు చూసి కడుపు సంగతి అడిగింది. చాన్నాళ్లుగా నెత్తురు విరేచనాలని, పెద్దపేగులో పుండ్లకు మందులిచ్చారని, పసుపు తవ్వకాల్లో పడి వాటిని ఆపేశానని త్రివేణి చెప్పింది.

"ఆ పేగుల రోగమే కాలి మీదికొచ్చిందమ్మా. మందులు మళ్ల మొదలువెట్టాలె. పుండును మాత్రం గీకొద్దు, కోయొద్దు. గెలికినకొద్ది పెరుగుతది."

భర్త నరేష్ తల ఊపాడు. ఎవరేం చెప్పినా అతను ఊపుతాడు.

మరునాడే ఈరవ్వ ఊరి ఆర్ఎంపీ లింబయ్యను పిలిపించింది.

"పేగులకు, కాలుకు ఏం సుట్టరికమే? బోధన్ల చెరుకు నమిలి పెరిగినవ్, గా తీపంతా చీము అయితున్నది," అంది.

"చెడ్డ మాంసం తీసేస్తే సాఫ్ అయితది చెల్లె," అంటూ లింబయ్య బ్లేడును లుంగీకి తుడిచాడు. శుభ్రత దగ్గర అతను రాజీపడడు.

"నరేషూ, కాలు గట్టిగ పట్టు," అంది ఈరవ్వ.

నరేష్ వచ్చి కూర్చున్నాడు.

"నిన్న డాక్టరమ్మ ఏమన్నది?" త్రివేణి అతన్ని అడిగింది.

"అమ్మ కూడ నీ మంచికే చెప్తున్నది గద."

"చీము కాలుతోని కల్లంలకొస్తే పసుపు మైలపడ్తదని నన్ను రానియ్యరు. గదే పసుపు నా పుండ్ల కూరుతరు. పసుపుకున్న ఇజ్జత్ నా కాలుకు లేదా?"

"గింత దానికి కాలు పోతదా ఏంది?" లింబయ్య నవ్వాడు.

"పోతే నీది ఇస్తవా అన్నా?"

లింబయ్య నవ్వు ఆగింది. "మీ ఇంట్ల మాట తేలినంక పిలువుండ్రి," అని సంచి సర్దుకున్నాడు.

త్రివేణి పుండు మీద శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, మందుల కవరు తీసుకుని గడప దాటింది.

"యాడికే? రేపు మేం కల్లంకు పోతే ఇల్లు ఎవరు చూస్తరు?" అరిచింది ఈరవ్వ. కాలి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడగలేదు.

త్రివేణి ఆటో ఎక్కి కాలు సీటు మీదికి చాపుకుంది.

"బస్టాండుకు పోనియ్ తమ్మీ. మా తల్లిగారింటికి, బోధన్ పోవాలె."