కొడుకింట్లో మెలకువ

జగ్గారావు ఆ మాట గుమ్మంలో నిలబడి అన్నాడు. లోపలికొచ్చి అని ఉంటే చెల్లెలు రోజారమణి ఓర్చుకునేదేమో. వన్ టౌన్ సందులో ఇటు గోడకి మేకు కొడితే అటు ఇంట్లో పటం ఊగుతుంది. ఎదురింటావిడ బియ్యం ఏరడం మానేసి మరీ వింది.

"పట్టపగలు అమ్మ ఇలగ తూగుతందేటే? మత్తుబిళ్లలేసి పడుకోబెట్టీసి నువ్వు కొట్టుకి ఎల్లిపోతన్నావా?"

రోజారమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎప్పుడో పండక్కో పబ్బానికో పెందుర్తి నుంచి కారులో దిగి, అరడజను అరటిపళ్లు బల్ల మీద పెట్టి వెళ్లే పెద్దమనిషి అడుగుతున్నాడు, మందేమిటని!

ఆమధ్య డాబా మీద వడియాలు ఎండబెట్టి దిగుతూ అమ్మ అసిరమ్మ మెట్ల మీంచి జారిపడింది. వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద బలం పోవడం ఒక ఎత్తు, కాళ్లు బిగుసుకుపోవడం ఇంకో ఎత్తు. మోకాళ్లు వాటంతటవే ఎగిరిపడేవి. స్నానం చేయించాలంటే రెండు కాళ్లూ విడదీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. కండరాలు వదులయ్యేందుకు డాక్టరు మాత్రలు రాశాడు. తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాడు. మగత వస్తుంది, ఒంటరిగా లేవనివ్వొద్దన్నాడు. నిద్రమాత్రలు గానీ, మత్తు తెప్పించే దగ్గుమందులు గానీ తనని అడక్కుండా కలపొద్దన్నాడు. అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర చెప్పాడు: "ఒక్కసారిగా మాత్రం ఆపకండి. ఆపాలనుకుంటే నా దగ్గరికి రండి, మెల్లగా నేనే తగ్గిస్తాను. ఒళ్లు అలవాటుపడిన మందు ఇది. హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది."

రోజారమణి ఇదంతా అన్నకి చెప్పింది. చెప్పిందంటే, అరిచింది.

"నొప్పి నేదంటంది గదే! మరి మందెందుకు?"

"మందు పడతంది కాబట్టే నేదు!"

అసిరమ్మ మంచం మీంచి అంతా వింది. కూతురి తరఫున ఒక్క ముక్క అనలేదు. "ఆడు బెంగెట్టుకున్నాడే, పోనీ," అంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా?

"కొన్నాళ్లు మా ఇంటికి తీసుకుపోతాను. ఎలగుండాలో అలగుంటాది," అన్నాడు జగ్గారావు.

తీసుకుపో, నీకూ తెలుస్తుంది, అనుకుంది రోజారమణి. మాత్రలు సంచిలో పెట్టి, ఎప్పుడెప్పుడు వెయ్యాలో వదిన కుసుమకుమారికి ఫోన్ చేసి రెండుసార్లు చెప్పింది. అమ్మని కారెక్కించాక ఇల్లు బోసిపోయింది. దానిక్కూడా ఆమెకి కోపమే వచ్చింది.

మర్నాడు వదిన ఫోన్ చేసింది. గొంతులో పంచదార ఒలికిపోతోంది. "మీ అమ్మ ఇక్కడ ఎంత హుషారుగా ఉందనుకున్నావ్ రమణీ! మీ అన్నయ్య డ్యూటీ దిగి వొచ్చేదాకా మేలుకునే ఉంది. ఒకటే కబుర్లు!"

"మాత్రలు ఏత్తన్నారా వదినా?"

"నా సేత్తోనే ఇత్తన్నాను. ఏం, అనుమానమా?"

హుషారట! తన దగ్గర అన్నం తింటూ కూడా కునికే మనిషి అక్కడ కబుర్లు చెబుతోందట. అంటే తానే ఏదో తేడా చేస్తోందా? ఆ రోజంతా తను పనిచేసే ఖయ్యూం భాయ్ కిరాణా కొట్టులో ధనియాలు పొట్లాలు కడుతూ రోజారమణి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ధర అడిగిన ఒకాయన్ని కసిరింది కూడా.

తర్వాత రోజు పొద్దున్న కొట్టులో ఉండగానే జగ్గారావు ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో పెద్దరికం లేదు.

"రమణీ, అమ్మ ఏటేటో మాటాడతంది. గోడ మీద సీమలు పాకతన్నాయంటంది. ఒళ్లు పేలిపోతంది. వైరల్ జొరమని బిళ్ల ఏసాం. కాళ్లు కర్రల్లాగ అయిపోనాయి."

రోజారమణి చేతిలోని పొట్లం జారి ధనియాలు నేలపాలయ్యాయి. "మాత్ర ఆపీసారు! ఆపీసారు కదా? ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెల్లు. ఏ మాత్ర ఏసుకుంటందో డాక్టరికి ముందు అదే సెప్పు. నానొత్తన్నాను."

"కొట్టు సంగతి వదిలెయ్ అమ్మా, వెళ్లు," అంటూ ఖయ్యూం భాయ్ తనే వీధిలోకి పరుగెత్తి ఆటోని ఆపాడు. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోతే రోజారమణి ముందున్న లారీని తిట్టింది, సిగ్నల్‌ని తిట్టింది, అన్నయ్యని ఏడు తరాల వెనక్కి వెళ్లి మరీ తిట్టింది. ఆ ఏడు తరాలూ తనవి కూడా అన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ఆస్పత్రిలో అమ్మ కళ్లు తెరిచే ఉంది గానీ ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. ఒళ్లు విల్లులా బిగిసి వణుకుతోంది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే అది: "మందు మానేశారా?"

"నేదండీ, మా యావిడ దగ్గరుండి ఇచ్చింది," అన్నాడు జగ్గారావు.

"అబద్దం!" రోజారమణి అరుపుకి వార్డంతా ఇటు తిరిగింది. "అమ్మ మేలుకుంటే నీకు పేరు, పడుకుంటే నాకు నింద! ఆ పేరు కోసం అమ్మని సంపెత్తావా?"

"మీ అమ్మ మీద ఒట్టు రమణీ, నాను ఇచ్చాను," అంటూ కుసుమకుమారి బావురుమంది.

అప్పుడే అసిరమ్మకి చీర మార్చి ఆస్పత్రి గౌను వేస్తున్న నర్సు కొంగుముడి విప్పింది. ముడిలో తెల్లటి మాత్రలు. కొన్ని తడిసి కరిగాయి. నోట్లోంచి తీసి దాచినవి.

రోజారమణి, ఒంటినిండా ఉన్న కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

మందు మళ్లీ మొదలుపెట్టి, జ్వరం దిగి, మనిషి మనిషిలా కావడానికి ఆ రాత్రంతా, మర్నాడు సగం రోజూ పట్టింది. ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని, గుండె మీదికి కూడా వచ్చేదని డాక్టరమ్మ చెబుతుంటే జగ్గారావు గోడకి ఆనుకుని తల దించుకున్నాడు.

అమ్మకి తెలివొచ్చాక రోజారమణి అడిగింది. మెల్లగా అడగాలనుకుంది గానీ గొంతు మాట వినలేదు. "ఎందుకు దాసీసావే? సచ్చిపోదువు!"

అసిరమ్మ కూతురి వైపు చూసి, తప్పు చేసిన పిల్లలా కళ్లు దించింది. "అది మింగితే కళ్లు మూసుకుపోతాయే. ఆడు రాత్రి ఎప్పుడికో వొత్తాడు, పొద్దున్నే ఎల్లిపోతాడు. ఉన్న కాసింతసేపూ నాను నిద్దరోతే ఆణ్ని ఎప్పుడు సూత్తాను?"

జగ్గారావు బయటికి వెళ్లిపోయాడు. ఏడుపు ఎవరికీ కనబడకూడదు కదా, మగాడాయె.

రోజారమణికి మాత్రం గుండెలో సెగ రేగింది. వీపు కడిగిందీ, పక్క మార్చిందీ, బిగిసిన కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దిందీ తను. "మరి నా కాడ? నన్ను సూడాలని ఒక్కపూటైనా మేలుకోవాలనిపించనేదా నీకు?"

అసిరమ్మకి ఆ ప్రశ్నే విచిత్రంగా తోచింది. "నిన్నేటే సూడ్డం? పడుకుని లేచినా నువ్వు అక్కడే ఉంటావు గదా!"

ఆ మాటకి పొంగిపోవాలా, నెత్తి బాదుకోవాలా? రోజారమణికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. కోపం మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

నర్సు మధ్యాహ్నం మాత్ర తెచ్చింది. రోజారమణి తీసుకుని, తల్లి తల పైకెత్తి పట్టుకుంది.

"నోరు తెరు."

అసిరమ్మ తెరిచింది. మాత్ర వేసి నీళ్లు పట్టింది. మింగేదాకా ఆగింది.

"మళ్లీ తెరు. నాలిక ఎత్తు," అంది రోజారమణి.