ఇద్దరి సీటు

"ఏమే, ఆ పులుసు సట్టి ఇట్లా తే" అన్నాడు మా ఆయన. ఇచ్చాను. అందులో కిరసనాయిలు పోసి మోటార్‌సైకిల్ చెయిన్ నానేశాడు. రేషనంగడి వరసలో నేను నిలబడి తెచ్చిన కిరసనాయిలు. ఆ పూట కట్టెలపొయ్యి ఊదుకుంటూ వండాను. అన్నం మాడిందన్నది మా అత్త. చెయిన్ తళతళలాడుతోందన్నదీ ఆమే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు అది. పాత ఇనుము అంగళ్లలో ఒకచోట ఇంజను, ఇంకోచోట చక్రాలు ఏరుకొచ్చి మా ఆయనా స్నేహితులూ మా వసారాలో బండి కడుతున్నారు. చోటు చాలదని నా కుట్టుమిషన్ను పెరట్లోకి నెట్టి గోనెపట్ట కప్పారు. జాకెట్లు కుట్టి నేను నాలుగు రాళ్లు తెచ్చేది ఆ వసారాలోంచే. నన్నడగలేదు. టీ అడిగారు. గ్రీసు చొక్కాలు ఉతకమన్నారు. ఆ స్నేహితుల్లో వీరాసామి వెల్డింగు చేస్తుంటే చట్రం పట్టుకోమన్నారు. నిప్పురవ్వ పడి చీర కాలితే, "దూరంగా ఉండకూడదా వదినా?" అని వీరాసామి నవ్వాడు.

సీటు మాత్రం నేనే కుట్టాలి. "మొదటి సవారీ బాహూరుకే, మీ అక్క ఇంటికి" అన్నాడు మా ఆయన. నమ్మాను. రెక్సిన్ ఇద్దరికీ సరిపడా కత్తిరించాను. సూదులు విరిగాయి, వేలు చిట్లింది, కుట్టాను. "ఒకరి సీటైతే స్టైలన్నా" అన్నాడు వీరాసామి. అంతే, వెనక చట్రం కోసేశారు. కుట్టు తగ్గించమన్నారు. తగ్గించాను; వాళ్లు పారేసిన ముక్క ఏరి మిషన్ సొరుగులో పెట్టుకున్నాను. ఆ తగ్గించిన చేతుల మీద నాకింకా కోపం పోలేదు.

ఆయుధపూజ నాడు బండికి చందనం, చక్రాల కింద నిమ్మకాయలు. స్పానర్లు, సుత్తులు, ఆకురాళ్లు అన్నిటికీ బొట్లు, పూలు. హారతి పళ్లెంతో నేను.

"సీటు బాగుండాదే, ఎవురు కుట్టింది?" పక్కింటి జయమ్మాళ్ అడిగింది.

"మిషను కుట్టింది" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు.

"బాహూరికి ఎప్పుడు పోదాం?" అన్నాను.

"యాడ కూసుంటావే? టాంకు మిందా?"

మళ్లీ నవ్వారు. హారతి ఇచ్చాను.

నేను చేసిన వడలు తినడానికి వాళ్లు లోపలికి పోయారు. నేను బ్లేడు తీసుకుని సీటు కుట్లు ఒక్కొక్కటే విప్పాను. పెరట్లో గోనెపట్ట తీసి మిషన్ ముందు కూర్చున్నాను. చప్పుడుకు అత్త వచ్చింది.

"పూజనాడు పనిముట్టు ముట్టుకుంటారా ఏందే?"

"పూజలో పెట్టినదాన్నే గదా అత్తా ముట్టకూడనిది? నా మిషనుకు బొట్టు యాడుందో చూపించు."

ఆమె మిషన్ను చూసి వసారాలోకి పోయింది.

"ఏయ్! సీటేదీ?" వసారాలోంచి కేక. మొదటి సవారీ ఇప్పుడు బీచికంట; వట్టి స్పాంజి మీద పోలేడు. పాత సీటేదైనా బిగిద్దామంటే స్పానర్లన్నీ పూల కింద ఉన్నాయి. వాటిని ముట్టనివ్వడానికి అత్త ఒప్పుకోలేదు.

మిషన్ సొరుగులోని చిన్న స్క్రూడ్రైవరుకు ఎవరూ పూజ చెయ్యలేదు. దానితో బల్లమీంచి మిషన్ తల విప్పి, సీటు రెక్సిన్‌తో అప్పుడే కుట్టిన సంచిలో పెట్టుకున్నాను. రెక్సిన్ గట్టిది, బరువు ఆగింది. బాహూరు బస్సులో ఇద్దరి సీటు దొరికింది. కిటికీ పక్కన నేను, నా పక్కన మిషను. సంచికి పట్టీలు, నా చోటని కత్తిరించి పారేసిన ఆ ముక్కవే.