మణెమ్మ గద్వాల ప్రయాణం

బిజినేపల్లిలో మణెమ్మ ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. ఒకప్పుడు అందులో రాళ్లూ విరిగిన పెంకులూ తప్ప ఏమీ ఉండేవి కావు. పిల్లలు వచ్చాకే అది పెరడైంది.

వాళ్లు ఆమె కన్న పిల్లలు కాదు. తమ్ముడు జయపాల్ భార్య రెండో కాన్పులో చనిపోతే, మూడు రోజుల పావనినీ మూడేళ్ల యముననూ మణెమ్మ తెచ్చుకుంది. ఆమెకూ భర్త సామ్యూల్‌కూ సంతానం లేదు. జయపాల్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి, ఎప్పుడో ఓసారి వచ్చి చూసి వెళ్లేవాడు. పిల్లలకు మణెమ్మే అమ్మ, సామ్యూలే నాయన. కన్నతండ్రి ‘హైదరాబాద్ నాయన’.

కూలి నుంచి వచ్చాక నలుగురూ పెరట్లోనే. సామ్యూల్ గడ్డపారతో తవ్వితే యమున రాళ్లేరి గోడవారగా పేర్చేది. మణెమ్మ స్నానాల నీళ్లు పాదులకు పారేలా కాలువ తీసింది. నాలుగేళ్ల పావని పని చెంబుతో నీళ్లు పోయడం. సగం నీళ్లు గౌనుకే పోయేవి. విత్తనం పెట్టిన మర్నాడే మట్టి గోకి గింజ పైకి తీసేది.

“ఏం జేస్తున్నవే?” అని అడిగేది మణెమ్మ.

“నిద్ర లేసిందా అని సూస్తున్న.”

సామ్యూల్ నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడేవాడు. పిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని బీరతీగను దడి మీదికి ఎక్కించమనేవాడు.

ఆ ఏడు మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం రోజునే వాన పడింది. నలుగురూ కలిసి బెండ, పుంటికూర వేశారు. వారం తిరిగేసరికి మొలకలు రెండేసి ఆకులు విప్పాయి. అప్పుడే జయపాల్ వచ్చాడు, ఎండాకాలంలో పెళ్లి చేసుకున్న జములమ్మను వెంటబెట్టుకుని. గద్వాలలో రైసుమిల్లులో పని దొరికిందట.

“అక్కా, పిల్లలను తీస్కపోత. బడులు తెరిసిండ్రు. ఆడనే ఏస్త,” అన్నాడు తల వంచుకుని.

ఏనాటికైనా ఈ మాట వస్తుందని మణెమ్మకు తెలుసు. నా పిల్లలు అనడానికి లేదు. “ఇప్పుడే రెండాకులేసినయి తమ్మీ. ఒక్క కాపు జూసి పోతరు. వాళ్లే పెట్టిండ్రు గద,” అంది.

“బెండచెట్ల కోసం బడి ఆపుతమా అక్కా?”

సామ్యూల్ లేచి పెరట్లోకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. జములమ్మ మాత్రం మణెమ్మ చెయ్యి పట్టుకుంది. “మంచిగ సూసుకుంట వదినె,” అంది. అది కూడా కాయలు కాచిన చెయ్యే. చెడ్డదైతే తిట్టుకోనన్నా తిట్టుకునేది మణెమ్మ.

పావని బస్సెక్కుతున్నానని సంబరంగా చెయ్యూపింది. యమునకు అర్థమైంది. బయల్దేరేముందు ఎవరూ చెప్పకుండానే మొక్కలన్నిటికీ నీళ్లు పోసి వచ్చింది. “అమ్మా, పుంటికూరల గడ్డి తియ్యాలె. మర్సిపోకు,” అంది.

పది రోజులు మణెమ్మ పెరట్లో అడుగు పెట్టలేదు. సామ్యూలే నీళ్లు పోశాడు. నెలన్నర దాటాక మొదటి బెండకాయలు కోసింది. ఒక్కటీ వండలేదు. గుడ్డలో మూటగట్టి వనపర్తి బస్సెక్కి, అక్కడ గద్వాల బస్సు మారింది. దారంతా ఒకటే దిగులు. చిన్నది మెడ పట్టుకుని వదలకపోతే ఎట్లా? ఏం చెప్పి ఊరుకోబెట్టి రావాలి?

యమున గల్లీ మొదట్లోనే చూసి పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసింది. పావని జములమ్మ కొంగు చాటున నిలబడి చూసింది.

“ఎవలొచ్చిండ్రు సూడు,” అంది జములమ్మ.

“అత్త,” అంది పావని మెల్లగా.

ఎవరు నేర్పారో, తప్పేమీ నేర్పలేదు. వరుసకు అత్తే. “అవు బిడ్డా, అత్తనే,” అంది మణెమ్మ.

కాసేపటికి ఆడుకుంటూ పావని వాకిట్లో సిమెంటు మీద పడింది. మోకాలు గీరుకుపోయింది. “అమ్మా!” అని ఏడుస్తూ లేచింది. మెట్టు మీద కూర్చున్న మణెమ్మ రెండు చేతులూ చాపింది. పిల్ల ఆ చేతుల పక్కనుంచే పరుగెత్తి లోపల బియ్యం చెరుగుతున్న జములమ్మ ఒళ్లో పడింది.

జములమ్మ ముఖం చిన్నబోయింది. “అయ్యో, ఆమె దగ్గరికి పో బిడ్డా...”

“వద్దు జములమ్మా. నువ్వే ఎత్తుకో. ఎట్ల ఏడుస్తుందో సూడు,” అంటూ మణెమ్మ లేచి, గాయం కడగడానికి నీళ్లు ముంచి తెచ్చి ఇచ్చింది.

పొద్దుగూకేవేళకు ఇల్లు చేరింది. సామ్యూల్ వాకిట్లోనే ఉన్నాడు.

“మంచిగున్నరా?”

“మంచిగున్నరు. పెద్దది రెండో తరగతట. చిన్నది జర ఒళ్లు జేసింది.”

అతను ఆమె చేతిలోని ఖాళీ మూటగుడ్డ అందుకుని మడిచాడు. తర్వాత అడిగాడు. “చిన్నది నన్ను అడిగిందా?”

“అడగకుంటుందా?” అంది మణెమ్మ. “నాయన ఎందుకు రాలే అని ఒకటే ఏడుపు.”

సామ్యూల్ తల ఊపాడు. కళ్లు తుడుచుకుని, ఈసారి తాను కూడా వస్తానన్నాడు. మణెమ్మ సరేనంది. పొయ్యి ముట్టించడానికి లోపలికి పోయింది. చీకటి పడినా పొయ్యి వెలగలేదు.