గుర్రాల సినిమాకి ఒక టికెట్

"ఆ బుట్ట తిరగెయ్యి అన్నయ్యా."

"మూడుసార్లు తిరగేశాను. బుట్టకే కళ్లు తిరుగుతున్నాయి."

చిట్టి నవ్వలేదు. సందు చివరి హాల్లో ఆట మొదలవబోతోంది, టికెట్ జాడ లేదు. డ్రైక్లీనింగ్ షాపు నేల నిండా దుప్పట్లు, చొక్కాలు, ఎవరివో సూట్లు. వదిన యంత్రంలోంచి పీచు పట్టే జల్లెడ ఊడదీసి వేళ్లతో కెలికింది. బూడిదరంగు నూగూ, ఒక గుండీ. అంతే.

కోట్లకి వేలాడుతున్న కవర్లన్నీ విప్పారు. బట్టతో పాటు ఏ చిన్న కాగితం కనబడినా కవర్లో పెట్టి ఆ బట్టకే తగిలించడం ఆ షాపు పద్ధతి. వదిన స్టేప్లర్ కొడుతుంది. అన్న ఒంటి పిన్నీసు గుచ్చి వదిలేస్తాడు. చిట్టిది అతిజాగ్రత్త. గుణకారం గుర్తులా రెండు పిన్నీసులు పెడుతుంది.

ఏ కవర్లోనూ టికెట్ లేదు.

దాన్నిచ్చింది పశువుల డాక్టరు. సోమవారం తన గోధుమరంగు కోటు ఉతకడానికి ఇచ్చి, గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"శుక్రవారం సాయంత్రం ఆట. కౌబాయ్‌ల కాలంనాటి ప్రేమకథ. పెద్దగా ఎవరికీ తెలీదు. మంద మేపుకునే ఒంటరి ఆవిడా, ఆవిడ కంచె బాగుచెయ్యడానికొచ్చిన ఒకతనూ. తుపాకులు తక్కువట. గుర్రాలు మాత్రం బాగా నటించాయని విన్నాను. పక్కసీటు నాది. రావాలనిపిస్తేనే రండి."

వారమంతా షాపులో అదే చర్చ.

"ఎవడూ చూడని సినిమా అంటే, ఎవడూ చూడలేకపోయిందనేగా?" అన్నాడు అన్న.

"నన్నూ ఎవరూ చూడలేదు, మీరే చూశారు. నష్టపోయారా?" అంది వదిన.

"ఆ లెక్కలిప్పుడెందుకులే."

చిట్టికి సినిమాతో పేచీ లేదు. భయమల్లా పక్కసీటుతోనే. పెళ్లి పెటాకులై అన్న షాపులో చేరిన దగ్గర్నుంచీ ఇస్త్రీ బల్ల ఎంతో ఆమె లోకమూ అంతే. ఆ హాల్లో కూర్చోవడమంటే బతుకు మళ్లీ మొదలుపెడతానని ఒప్పుకోవడమే. ఒకసారి చెయ్యి కాలింది. ఇస్త్రీ చేసేవాళ్లకి కాలడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? మంగళవారం వెళ్దామనుకుంది, బుధవారం మానుకుంది. ఈ పొద్దున డాక్టరు కోటే ఇస్త్రీ చేస్తూ, టికెట్ పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ మళ్లీ ఊగిసలాడింది. మధ్యాహ్నం లోపలికెళ్లి భోంచేస్తుంటే, ఉన్నట్టుండి మబ్బు విడిపోయినట్టు తేలిపోయింది. వెళ్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే బల్ల ఖాళీ.

"నువ్వే తీశావు," అంది ఇప్పుడు, అన్నవైపు తిరిగి. "వారం రోజులుగా వద్దువద్దంటున్నది నువ్వే."

"వేళాకోళానికన్నాను చిట్టీ. దొంగతనం ఎప్పుడు నేర్చాను?"

"చిన్నప్పుడు నా చెక్కగుర్రాన్ని అటకెక్కించిందెవరు?"

"అయితే నాకు గుర్రాల మీదే పాత పగంటావు."

"నీకు కావలసింది బల్ల దగ్గర్నుంచి కదలని ఇస్త్రీ మనిషి. అంతే."

అన్న చెవులు ఎర్రబడ్డాయి. వదిన జల్లెడని మళ్లీ యంత్రంలో బిగించసాగింది. అన్నాక నాలుక కరుచుకుంది చిట్టి. కానీ మాట దాటిపోయింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో డాక్టరు, ఒంటిమీద గోధుమరంగు కోటు. చిట్టి భోజనానికెళ్లినప్పుడు దాన్ని అందించింది వదినే. డాక్టరు చేతిలో చిన్న కాగితం కవరు.

"హాలుకి బయల్దేరుతూ కోటు తొడుక్కుంటే ఇది కనబడింది," అన్నాడు నెమ్మదిగా. "లోపల మీ టికెట్. రానని ఇలా చెప్పారేమో అనుకున్నాను. ఫరవాలేదండీ. ఒక్కసారి అడిగి వెళ్దామని వచ్చాను, అంతే."

కవరు మీద రెండు పిన్నీసులు. గుణకారం గుర్తులా.

అందరికంటే ముందు చూసింది అన్న. చెల్లెలి మొహం ఒకసారి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అది నా నిర్వాకమేనండీ. కళ్లజోడు పెట్టుకోకుండా, మీ కాగితమే అనుకుని గుచ్చేశాను."

"ఈయనంతేనండీ," వదిన క్షణం ఆలస్యం చెయ్యకుండా అందుకుంది. "ఓసారి మా ఇంటి తాళంచెవే ఎవరి పంట్లాముకో గుచ్చి పంపేశారు."

డాక్టరు మొహం తేటపడింది. కవరు విప్పి టికెట్ చాపాడు. "అయితే ఇంకా వేళ మించలేదు."

దారి సుబ్బరంగా తెరుచుకుంది. చిట్టి నోరు మెదపకుండా నడిచి వెళ్లిపోతే చాలు. కానీ అన్న చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొద్దున తన మనసు ఊగిసలాడుతుంటే, తన చెయ్యే అలవాటుగా టికెట్‌ని కవర్లో పెట్టి కోటుకి గుచ్చేసింది. ఆ నేరం ఇప్పుడు అన్న నెత్తినుంది. కొత్తదారిలో మొదటి అడుగే ఆ నెత్తిమీద పెట్టి వెయ్యాలా?

ముందు టికెట్ అందుకుంది. గుప్పెట బిగించింది.

"మా అన్నయ్య ఒక్క పిన్నీసే పెడతాడు డాక్టరుగారూ. దీన్ని తిప్పి పంపింది వేరే మనిషి. భయపడింది. ఆ మనిషే ఇప్పుడు మీతో సినిమాకి వస్తోంది, మీకు అభ్యంతరం లేకపోతే."

"నాకేం అభ్యంతరం? ఇంతకీ ఎవరా మనిషి?" అన్నాడు డాక్టరు, నవ్వు ఆపుకుంటూ.

చిట్టి జవాబు అతనికి చెప్పలేదు. అన్నవైపు తిరిగి, అతని కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నేనే."